చల్లారాక చూడు

అలమర అడుగున నా జీవశాస్త్రం ప్రాక్టికల్ రికార్డు దొరికింది. అట్ట రంగు వెలిసిపోయింది, మూలలు అరిగి మెత్తబడ్డాయి. కూర్చుని తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పైన నా గుండ్రటి అక్షరాల్లో "పిండిపదార్థం మీద లాలాజలం ప్రభావం" అని శీర్షిక. కింద పరిశీలన: "మరిగించిన లాలాజలం కలిపిన నాళికలో నీలం రంగు నిలవలేదు. కాబట్టి మరిగించినా లాలాజలం పనిచేస్తుంది." మాస్టారు ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. దాని కింద ఎర్రసిరాతో రెండే మాటలు రాశారు: "చల్లారాక చూడు." పేజీ అంచున లేత గోధుమరంగు మరక ఒకటి. దాని కథ వేరే ఉంది.

ఆ ల్యాబ్ నాకు ఇప్పటికీ గది గదంతా గుర్తుంది. పొడవాటి నల్లరాతి బల్లలు, బల్లకొక సారాయి దీపం, చెక్క మేకులకు తలకిందులుగా తగిలించి ఆరబెట్టిన పరీక్షనాళికలు. వెలుతురు తగిలితే పాడవుతుందని అయోడిన్‌ని ముదురు గోధుమరంగు సీసాలో ఉంచేవారు. దాని మూత తియ్యగానే వచ్చే ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు ఆ మధ్యాహ్నాలన్నీ తిరిగొస్తాయి.

ప్రయోగం చాలా చిన్నది. నోరు పుక్కిలించి లాలాజలం సేకరించాలి, దూదిలోంచి వడకట్టాలి, నీళ్లు కలిపి పల్చన చెయ్యాలి. ఒక శాతం పిండి ద్రావణంలో దాన్ని పోసి, నాళికను గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టాలి. గుంటలున్న తెల్లటి పింగాణీ పలక మీద వరసగా అయోడిన్ చుక్కలు పెట్టుకుని, రెండు నిమిషాలకోసారి నాళికలోంచి ఒక్కో చుక్క తీసి ఒక్కో గుంటలో వెయ్యాలి. మొదటి గుంట నల్లటి నీలం. మూడోది ఊదా. ఐదోది ఎర్రమట్టి రంగు. ఆ తర్వాత అయోడిన్ తన సొంత పసుపు రంగులోనే ఉండిపోతుంది. వరసలో ఉన్న ఆ గుంటల్ని ఎడమనుంచి కుడికి చూస్తుంటే, కంటికి కనపడని పని ఒకటి అడుగులు వేసుకుంటూ నడిచిపోయినట్టుండేది. పిండి అణువు అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన పొడవాటి గొలుసు. ఆ గొలుసు మెలికలు తిరిగి స్ప్రింగులా ఉంటుంది, ఆ మెలికల లోపల అయోడిన్ దూరి కూర్చుంటే నీలం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ గొలుసును ముక్కలు చేసేకొద్దీ అయోడిన్‌కి కూర్చునే చోటు తగ్గిపోతుంది, రంగు మారుతుంది. పాఠంలో ఇది ఒకటిన్నర వాక్యం. పలక మీద అదొక ఇంద్రధనుస్సు.

ఇక మరిగించిన నాళిక సంగతి. ఎంజైమ్ ప్రోటీన్ కనక వేడికి చెడిపోతుందని, మరిగించిన లాలాజలం కలిపితే పిండి అలాగే ఉండి నీలం నిలిచి ఉండాలని పాఠం చెప్పింది. నేను లాలాజలాన్ని మరిగే నీళ్ల బీకరులో పెట్టి మరిగించాను. అందులోనే పిండి ద్రావణం పోశాను. గంట కొట్టే వేళయింది. నాళికను బీకరులోంచి బయటికి తీయకుండానే అయోడిన్ చుక్క వేశాను. నీలం ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఇంకో చుక్క వేశాను. అదీ మాయమైంది. అక్కడికక్కడే పరిశీలన రాసేశాను.

నా బెంచి జోడీ "పాఠం తప్పు" అంది. నేను "లాలాజలం సరిగ్గా మరగలేదేమో" అన్నాను. ఇద్దరం గొంతులు పెంచేసరికి మాస్టారు వచ్చారు. నాళిక చూశారు. తప్పనీ ఒప్పనీ అనలేదు.

"లాలాజలం అసలే లేని నాళిక పక్కన పెట్టావా అమ్మా?"

"లేదు సార్."

"అయితే ఈ నాళిక ఏం చెబుతోందో నీకెలా తెలుస్తుంది?"

పిండి ద్రావణంలో ఉత్త నీళ్లు కలిపి అదే బీకరులో నిలబెట్టాను. బాగా వేడెక్కాక అయోడిన్ వేశాను. నీలం మెరిసింది, మాయమైంది. అచ్చం అలాగే. ఇందులో లాలాజలం బొట్టు కూడా లేదు, పిండిని ముక్కలు చెయ్యడానికి ఎవరూ లేరు. నా ఒళ్లు జల్లుమంది. ఇన్నాళ్లూ జవాబులు కంఠతా పట్టిన నాకు, నేను నమ్మిన జవాబు నా కళ్ల ముందే కూలిపోవడం అదే మొదటిసారి. మాస్టారు రెండు నాళికల్నీ బీకరులోంచి తీసి స్టాండులో పెట్టి "ఉండు" అన్నారు. గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. మేమిద్దరం మాత్రం ఉండిపోయాం. ముందుగా గాజు గోడలకు ఆనుకుని పల్చటి నీలిపొర, తర్వాత నెమ్మదిగా లోపలికి. నాలుగైదు నిమిషాల్లో రెండు నాళికలూ నీలంగా నిలబడ్డాయి. వేడికి పిండి గొలుసు మెలికలు వదులైపోతాయి, అయోడిన్ జారిపోతుంది. చల్లారితే మెలిక మళ్లీ బిగుస్తుంది, అయోడిన్ తిరిగొస్తుంది. మరిగించిన లాలాజలం ఏ పనీ చెయ్యలేదు. పాఠమే నిజం. కానీ పాఠం చెప్పింది కాబట్టి ఒప్పుకోవడం వేరు, పక్కన ఉత్త నీళ్ల నాళిక పెట్టుకుని ఒప్పుకోవడం వేరు. ఆ నాళికనే 'నియంత్రణ' అంటారని మాస్టారు ఆ తర్వాత చెప్పారు. వస్తువు చేతికి వచ్చాకే ఆయన పేరు చెప్పేవారు. నాకు తెలిసినంతలో సైన్సు చెప్పడానికి అంతకంటే మంచి వరస లేదు.

ఆ వారం రికార్డు దిద్దుతూ ఆయన ఒక కథ చెప్పారు. వాన్ హెల్మాంట్ అనే ఆయన బాగా ఆరబెట్టిన 200 పౌన్ల మట్టిని తూచి కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. దుమ్ము పడకుండా కుండీ మీద చిల్లుల రేకు మూత కప్పాడు. ఐదేళ్లపాటు వాన నీళ్లు, స్వేదన జలం తప్ప ఇంకేమీ పొయ్యలేదు. చివర చెట్టును తూస్తే 169 పౌన్ల పైచిలుకు వచ్చింది. మట్టిని ఆరబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు మాత్రమే. కాబట్టి కట్టె, బెరడు, వేళ్లు అన్నీ నీళ్లలోంచే పుట్టాయని తేల్చేశాడు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది.

"ఇందులో లోపమెక్కడుంది?" అని అడిగారు మాస్టారు. తూకం తప్పని ఒకరన్నారు. నాలుగు శిశిరాల్లో రాలిన ఆకుల్ని తూచలేదని ఇంకొకరన్నారు. నిజమే, తూచలేదని వాన్ హెల్మాంటే రాసుకున్నాడు. కానీ అసలు సంగతి అది కాదు. ఆయన మట్టిని తూచాడు, చెట్టును తూచాడు, నీళ్లు పోశాడు. చెట్టు చుట్టూ ఐదేళ్లపాటు ఆడిన గాలి ఆయన లెక్కలోకే రాలేదు. చెట్టు ఒంట్లోని కర్బనం అంతా ఆ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే. నన్ను ఇప్పటికీ కదిలించే సంగతి ఒకటుంది: 'గ్యాస్' అనే మాటను పుట్టించింది ఈ వాన్ హెల్మాంటే. బొగ్గు కాలిస్తే ఒక వాయువు బయటికి వస్తుందని గుర్తించిందీ ఆయనే. తన చెట్టు తింటున్నది ఆ వాయువునేనని తెలియకుండానే వెళ్లిపోయాడు. ఆయన్ని తక్కువ చెయ్యాలని నాకెప్పుడూ అనిపించలేదు. మట్టే చెట్టవుతుందని అందరూ నమ్మే రోజుల్లో, ఐదేళ్లు కాపు కాసి ఆ మాట కాదని తూకంతో చూపించాడు. ఆ సగం ముమ్మాటికీ నిజం.

మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయా అని తేల్చడానికి 1668లో ఫ్రాన్సెస్కో రెడీ అనే ఆయన చేసిన పనిని కూడా ఆ రోజే విన్నాం. మాంసం పెట్టిన జాడీలు కొన్ని తెరిచి, కొన్ని మూసి, కొన్నిటి మీద గాలి ఆడేలా పల్చటి గుడ్డ కట్టి. ఆ గుడ్డ కట్టాలన్న ఆలోచన చూడండి. మూత గట్టిగా బిగించిన జాడీలో పురుగులు పుట్టకపోతే, గాలి తగలకే పుట్టలేదని ఎవరైనా అనొచ్చు. గుడ్డ గాలిని రానిస్తుంది, ఈగను రానివ్వదు. తేడా ఒక్కటే మిగిలింది. ఒక్క గుడ్డముక్కతో ఎంత చక్కగా విడదీశాడో!

సూక్ష్మదర్శిని దగ్గర నాకు మొదటి రోజు దొరికినవి గాలి బుడగలు. అంచులు నల్లగా, గుండ్రంగా, అందంగా ఉన్నాయి. కణాలు దొరికాయనుకుని పెన్సిల్‌తో శ్రద్ధగా బొమ్మ వేశాను. మాస్టారు చూసి, కవర్‌స్లిప్ ఏటవాలుగా పెట్టి సూదితో నెమ్మదిగా దించడం నేర్పారు. బుడగలు పోయాయి. అప్పుడు కనిపించింది ఉల్లిపొర: ఇటుకలు పేర్చినట్టు గదులు, ఒక్కో గదిలో ఒక పక్కకి ఒదిగిన చిన్న చుక్క. ఆ చుక్క కేంద్రకం. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ఖాళీ గదులు, చచ్చిన కణాల గోడలు. మొక్క కణాల్లో ఆ చుక్క ఎప్పుడూ ఉంటుందని గమనించి దానికి కేంద్రకమని రాబర్ట్ బ్రౌన్ పేరు పెట్టింది 1831లో. మధ్యలో 166 ఏళ్లు. పద్నాలుగేళ్ల నాకు ఒక్క మధ్యాహ్నంలో, ఒక చుక్క అయోడిన్ సాయంతో రెండూ కనిపించాయి. అది నా గొప్పతనం కాదని, అంతమంది కళ్లు పాడుచేసుకుని దారి వేసి పెట్టారని అప్పుడే తెలిసి గొంతు పట్టేసింది.

అయినా కణం బతికి ఉంటుందని నేను నమ్మింది ఉల్లిపొరతో కాదు, హైడ్రిల్లా ఆకుతో. ఆ ఆకు మందం రెండు కణాలే, అందుకని కోత కొయ్యక్కర్లేదు. తెంపి నీటిబొట్టులో పెట్టి చూడొచ్చు. మొదట ఆకుపచ్చ గింజలు కదలకుండా కనిపించాయి. హరితరేణువులు. దీపం వెలుతురులో కాసేపు ఉంచి చూడమన్నారు. చూస్తూనే ఉన్నాను. ఒక రేణువు జరిగింది. కంటి భ్రమ అనుకున్నాను. వెనకే ఇంకోటి. కొద్దిసేపటికి కణం గోడ వెంబడే అన్నీ వరసకట్టి, ఎవరో తరుముతున్నట్టు, చుట్టూ తిరుగుతున్నాయి. పక్క కణంలో అదే ఊరేగింపు, ఎదురు దిక్కుగా. నేను కంటి కటకం మీంచి తల ఎత్తలేదు. నా జోడీ నా జడ పట్టి లాగితేగాని తనకు వంతు ఇవ్వలేదు. పుస్తకంలో కణం అంటే ఒక కత్తిరింపు బొమ్మ, బాణాలు, పేర్లు. ఇక్కడ ఆ పేర్లన్నీ నడుస్తున్నాయి.

ఉప్పునీటి చుక్క సంగతి కూడా చెప్పాలి. కవర్‌స్లిప్‌కి ఒక పక్క ఉప్పునీరు వేసి, ఇంకో పక్క అద్దుడు కాగితం పెట్టి పీలిస్తే, కణంలోని జీవపదార్థం గోడనుంచి విడివడి ముడుచుకుపోతుంది. మంచినీరు వేసి మళ్లీ పీలిస్తే ఉబ్బి గోడను అంటుకుంటుంది. ఉప్పునీరు మరీ చిక్కగా చేసి, మరీ ఎక్కువసేపు ఉంచాను ఒకసారి. ఆ కణాలు మళ్లీ ఉబ్బలేదు. గోడ అలాగే ఉంది, కేంద్రకమూ అక్కడే ఉంది. పొర మాత్రం ఏం రానివ్వాలో ఏం రానివ్వకూడదో తెలిసే గుణం పోగొట్టుకుంది. బతుక్కీ చావుకీ మధ్య గీత ఎంత పల్చటిదో మొదటిసారి చూశాను.

శక్తి పాఠం మాత్రం నాకు చాలాకాలం ఎక్కలేదు. కణం కంటికి కనపడుతుంది, ఎంజైమ్ రంగు మారుస్తుంది, శక్తిని ఎక్కడ చూడను? మాస్టారు రెండు థర్మాస్ ఫ్లాస్కులు తెచ్చారు. ఒకదాంట్లో మొలకెత్తుతున్న విత్తనాలు, రెండోదాంట్లో మరిగించి చల్లార్చిన విత్తనాలు. థర్మామీటరు దించి, మూతికి దూది బిగించి, తలకిందులుగా నిలబెట్టాం. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చదవడం మా పని. మొలకల ఫ్లాస్కు మర్నాటికే వెచ్చబడింది. మరిగించినది గది వేడిమి దగ్గరే ఉండిపోయింది. నేను ఎంత సంబరపడ్డానో! ఆ గింజల్లో దాక్కున్న ఎండ బయటికొస్తోందని ఇంట్లో అందరికీ చెప్పాను.

నాలుగో రోజు మరిగించిన గింజల ఫ్లాస్కు కూడా వెచ్చబడటం మొదలైంది.

ఈసారి నేను వాదించలేదు. ఫ్లాస్కు విప్పి చూశాం. ముక్కిపోయిన వాసన. గింజల మీద తెల్లటి నూగు. బూజు. ఆ వెచ్చదనం చచ్చిన గింజలది కాదు, వాటిని తింటూ ఊపిరి పీలుస్తున్న శిలీంధ్రాలది, బ్యాక్టీరియాలది. మళ్లీ మొదటినుంచి చేశాం. ఈసారి రెండు ఫ్లాస్కుల్లోని గింజల్నీ క్రిమినాశకంతో కడిగి మరీ పెట్టాం. రెండు ఫ్లాస్కుల్లోనూ కడగాలి, ఒకదాంట్లోనే కడిగితే అదే కొత్త తేడా అవుతుంది. ఈ చివరి ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. నా జోడీయే అంది. మాస్టారు కళ్లజోడు తీసి ఆమె వంక చూసిన చూపు నాకు గుర్తుంది.

1780ల్లో లవోయిజియే, లాప్లాస్ అనే శాస్త్రవేత్తలిద్దరూ ఒక గినీ పందిని మంచు చుట్టిన పాత్రలో ఉంచి, కరిగిన మంచునూ, అది వదిలిన వాయువునూ కొలిచారు. అంతే వాయువు వచ్చేలా బొగ్గు మండిస్తే ఎంత మంచు కరుగుతుందో దానితో పోల్చారు. రెండూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ఊపిరి తీయడం నెమ్మదిగా మండటమే అని తేల్చారు. మా రెండు ఫ్లాస్కులు ఆ మంచుపాత్రకు చుట్టాలని నాకు పెద్దయ్యాక తెలిసింది.

అయితే మంటకీ కణానికీ తేడా లేకపోలేదు. ఒక మోల్, అంటే 180 గ్రాముల గ్లూకోజ్ మంటలో కాలినా, కణంలో కాలినా వచ్చేది దాదాపు 670 కిలోకేలరీలే. మంటలో అదంతా ఒక్కసారిగా పైనుంచి కిందికి దూకేస్తుంది. కణంలో మెట్టుమెట్టుగా దిగుతుంది, కొన్ని మెట్ల దగ్గర కొంత శక్తిని ఏటీపీ అనే అణువుల్లో దాచుకుంటుంది. మిగిలింది వేడిగా పోతుంది. మా ఫ్లాస్కులో థర్మామీటరు చదివింది ఆ పోయిన భాగాన్నే! ఈ ఒక్క వాక్యం అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్ని రోజులు శక్తిని చూశాననుకున్నాను. చూసింది విత్తనం పట్టి ఉంచుకోలేక జారవిడిచిన దాన్ని. పట్టి ఉంచుకున్నది వేరులోకి, మొలకలోకి వెళ్లిపోయింది.

ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీలు అని మేం కంఠస్థం చేశాం. పరీక్షలో 38 రాస్తే మార్కు. కణంలో ఏటీపీ తయారయ్యే మైటోకాండ్రియా పొరకు అటూ ఇటూ ప్రోటాన్ల తేడాలో శక్తి దాగి ఉంటుందని పీటర్ మిచెల్ 1961లో చెప్పాడు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. అలా ప్రోటాన్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేసరికి ఇప్పటి పుస్తకాల్లో ఆ అంకె 30కీ 32కీ మధ్యకు దిగింది. మొదట్లో నాకు కష్టంగా అనిపించింది, చిన్ననాటి ఇల్లు ఎవరో కూలగొట్టినట్టు. తర్వాత మాస్టారి ఎర్రసిరా గుర్తొచ్చి నెమ్మదించాను.

ఫాస్ఫరస్ ఉండే ఈ ఏటీపీని 1929లో కార్ల్ లోమన్ జర్మనీలోనూ, సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోనూ విడివిడిగా కండరాల్లో పట్టుకున్నారు. అంతకుముందు 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ముదురును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు తయారుచేశారు. కొలిచే దారి ముందు, కనుక్కోవడం తర్వాత. పలక మీద నీలాన్ని చూసి పిండి ఎంత మిగిలిందో చెప్పిన మా ప్రయోగానికీ, రంగు చూసి ఫాస్ఫేట్ ఎంతుందో చెప్పిన వాళ్ల పద్ధతికీ మూలం ఒక్కటేనని తెలిసిన రోజు మా అయోడిన్ పలక నా కళ్లలో పెద్దదైపోయింది.

ఎంజైముల గురించి మాత్రం ఇంకా చెప్పుకోవాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో బంగాళదుంప ముక్క వేస్తే నురగ పొంగుతుంది. నిప్పుకణం మిగిలిన పుల్లను దగ్గరికి తెస్తే భగ్గున మళ్లీ వెలుగుతుంది, ఆక్సిజన్. ఆ ముక్కనే తీసి కొత్త పెరాక్సైడ్‌లో వేస్తే మళ్లీ నురగ. పనిచేసి అరిగిపోదు. ముక్కను నలిపి వేస్తే నురగ ఇంకా జోరుగా వస్తుంది, కణాలు చితికి లోపలి కాటలేజ్ అనే ఎంజైమ్ బయటపడుతుంది కదా. మరిగించి వేస్తే ఒకటో రెండో బుడగలు, అంతే. పెరాక్సైడ్ తనంతట తాను కూడా విడిపోతుంది, కానీ చాలా నెమ్మదిగా. మధ్యలో ఒక గట్టు ఉంది, దాన్ని దాటడానికి కావలసినదే ఉత్తేజన శక్తి. ఎంజైమ్ ఆ గట్టును తగ్గిస్తుంది. అవతలి పల్లం ఎంత లోతుందో దాన్ని మాత్రం మార్చలేదు. ఒక్క కాటలేజ్ అణువు సెకనులో లక్షల పెరాక్సైడ్ అణువుల్ని విడగొడుతుందని చదివి, సెకను ముల్లు వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఎంజైమ్‌కీ, అది పట్టే పదార్థానికీ తాళం, తాళంచెవి పోలికను ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పాడు. 1958లో కోష్లాండ్ దాన్ని కొంచెం సడలించాడు: ఎంజైమ్ బిగుసుకున్న తాళం కాదు, చెయ్యి దూరగానే తన ఆకారం సర్దుకునే తొడుగు లాంటిదన్నాడు. నాకు రెండో పోలికే ఎక్కువ నచ్చింది.

ఇక బుఖ్నర్. పులియడానికి ప్రాణం ఉండాల్సిందేనని పాశ్చర్ గట్టిగా నిలబడిన కాలం తర్వాత, ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టును ఇసుకతో నూరి, గుడ్డలో చుట్టి, యంత్రంతో పిండి రసం తీశాడు. ఆయనకు కావలసింది పులియబెట్టడం కాదు. రసం చెడిపోకుండా నిలవ ఉండాలని చిక్కగా పంచదార కలిపాడు. రసం బుడగలు కక్కింది. ఇంకొకరైతే చెడిపోయిందని పారబోసేవారు. అందులో బతికి ఉన్న ఈస్టు లేదు, అయినా పులుస్తోంది. 1897లో అది అచ్చయింది, 1907లో నోబెల్ వచ్చింది. కణం చేసే పనిని కణం బయట, గాజుపాత్రలో చెయ్యొచ్చని లోకానికి తెలిసింది ఆ బుడగలతోనే. ఈ కథ విన్నప్పుడల్లా నాకు మా నాళిక గుర్తొస్తుంది. మనం కోరుకోనిది కనిపించినప్పుడు గాజుపాత్రను చేతిలో పట్టుకుని ఇంకో నిమిషం నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు, నేను నిలబడలేదు కనక.

జేమ్స్ సమ్నర్ మరీ మొండివాడు. పదిహేడేళ్లప్పుడు వేటలో ఎడమ చెయ్యి పోయింది. ఆయన ఎడమచేతి వాటం మనిషి. ఒంటి చేత్తో ల్యాబ్ పని చేస్తూ, ఒక రకం చిక్కుడు గింజల్లోంచి యూరియేజ్ అనే ఎంజైమ్‌ని తొమ్మిదేళ్లు వెతికి, 1926లో స్ఫటికాలుగా పట్టుకున్నాడు. ఎంజైమ్ ప్రోటీనేనని చెప్పాడు. పెద్దపెద్దవాళ్లు చాలా ఏళ్లు నమ్మలేదు. 1946లో నోబెల్ వచ్చింది. మా పాఠంలో "ఎంజైములు ప్రోటీన్లు" అని రెండు ముక్కల్లో ఉండేది. ఆ రెండు ముక్కల వెనక ఆయన ఒంటి చెయ్యి ఉందని మాస్టారు చెప్పిన రోజు, తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పీహెచ్, అంటే ఆమ్లం, క్షారం ఎంతున్నాయో చెప్పే కొలత, ఆ ప్రయోగం రోజు మేమిద్దరం ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాం. ఆమ్లం కలిపిన నాళికను చల్లటి నీళ్లలో, క్షారం కలిపినదాన్ని వేడి నీళ్లలో పెట్టేశాం, చోటు చాలక. ఫలితాలు వచ్చాయి, అందంగానే వచ్చాయి, కానీ ఆ తేడా ఆమ్లానిదో చలిదో చెప్పే దారి లేదు. మళ్లీ చేశాం. ఈసారి అన్నీ ఒకే పాత్రలో, ఒకే వేడిమిలో, ఒక్కోటి మూడేసి నాళికలు. మూడెందుకని అడిగితే మాస్టారు "ఒక్కటి అబద్ధం చెబితే పట్టుకోవడానికి రెండో సాక్షి కావాలి, ఇద్దరూ చెరో మాట చెబితే మూడోవాడు కావాలి" అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే జరిగింది. పలక మీద రంగులు చదువుతున్నప్పుడు, లాలాజలం ఉన్న నాళిక అని తెలిస్తే నేను ఊదా రంగును "గోధుమరంగు" అనేస్తున్నాను. అబద్ధం ఆడాలని కాదు. నాకు నిజంగా అలాగే కనిపించేది. మాస్టారు అది పసిగట్టారు. నాళికల అడుగున గుర్తులు పెట్టి, వరస కలిపేసి, ఏది ఏదో నా జోడీకి మాత్రమే తెలిసేలా చేసి, నన్ను రంగులు చెప్పమన్నారు. నా అంకెలు మారిపోయాయి. నా కళ్లు నా మనసు మాట వింటాయని ఆ వయసులో తెలియడం ఎవరికైనా భయంగానే ఉంటుంది. ఆయన మాత్రం మామూలుగా "అందరికీ అంతే నాన్నా, అందుకే ఇలా చేస్తాం" అని వెళ్లిపోయారు.

మరక సంగతి చెప్తానన్నాను. ఆ పేజీ రాస్తున్నప్పుడు డ్రాపర్‌లోంచి ఒక అయోడిన్ చుక్క కాగితం మీద పడింది. పడిన చోట కాగితం నల్లటి నీలం అయింది. నేను కంగారుగా తుడవబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. "కాగితం ఎందుకు నీలమైంది?" సిరా ఊరకుండా కాగితానికి పిండి పట్టిస్తారని ఆ రోజు నాకు తెలియదు. "రేపు చెప్పు" అన్నారు. మర్నాడు చెప్పాను. అప్పటికి నీలం కొంచెం పలచబడింది; అయోడిన్ మెల్లగా గాలిలో కలిసిపోతుంది. ఇన్నేళ్లకు గోధుమరంగు నీడ ఒక్కటే మిగిలింది.

నిన్న సాయంత్రం మందుల పెట్టెలోంచి అయోడిన్ సీసా తీశాను. రికార్డులోని అదే పేజీ తెరిచి, పాత మరకకు కాస్త దూరంగా, తెల్లగా ఉన్న చోట ఒక చుక్క వేశాను. దాని పక్కనే, వేలెడు దూరంలో, ఉత్త మంచినీటి చుక్క కూడా ఒకటి.